కరెంటు బండి 190 ఏళ్ళ కథ – మన కొండలకి దాంతో ఏం పని?



పోస్టు పెద్దది. తీరిక ఉన్నప్పుడు చదవండి, కావాలంటే రెండు సార్లుగా చదవండి.

మన గ్రూపులో 1/70 గురించి, పీసా చట్టం గురించి, మన వీరుల గురించి చాలా మంది మంచి పోస్టులు రాశారు. ఈసారి నేను బండ్ల గురించి రాస్తున్నా. కరెంటుతో నడిచే బండ్లు, పెట్రోలూ కరెంటూ రెండూ కలిపి వాడే హైబ్రిడ్ బండ్లు, వాటి చరిత్ర. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనే మొదలు. ఫిజిక్స్ పుస్తకంలో మోటారు, జనరేటరు, బ్యాటరీ మూడూ మూడు వేరు వేరు పాఠాలుగా ఉంటాయి. వాటిని కలిపి చరిత్రలా చదివితే చాలా విషయాలు అర్థమయ్యాయి. అవి మీకూ చెప్పాలనిపించింది.

"దీనికీ మనకీ ఏం సంబంధం?" అని మీకు అనిపించొచ్చు. సంబంధం ఉంది. ఈ కథ అమెరికాలో ఒక కమ్మరి దగ్గర మొదలై, తిరిగి తిరిగి మన తూర్పు కనుమల్లో ఒక రాయి దగ్గరికి వస్తుంది. ఆ రాయికి ఆదివాసుల పేరే పెట్టారు.

కమ్మరి చేసిన మోటారు

అమెరికాలో వెర్మాంట్ అనే కొండ రాష్ట్రం ఉంది. అక్కడ థామస్ డేవెన్‌పోర్ట్ అని ఒక కమ్మరి ఉండేవాడు. పెద్దగా చదువుకోలేదు. ఒకసారి పక్క రాష్ట్రంలో ఇనుప గని దగ్గరికి వెళ్ళి ఒక వింత చూశాడు. తీగ చుట్టిన ఇనుప ముక్కకి కరెంటు ఇస్తే అది అయస్కాంతం అయిపోయి బరువులు లేపుతోంది. ఖనిజంలోంచి ఇనుమును వేరు చేయడానికి దాన్ని వాడేవాళ్ళు. ఉన్న డబ్బంతా పెట్టి దాన్ని కొనుక్కొచ్చి, ఇంటి దగ్గర మొత్తం విప్పేశాడు. తీగకి తీగ తగలకుండా చుట్టడానికి గుడ్డ కావాల్సి వస్తే, ఆయన భార్య ఎమిలీ తన పెళ్ళి పట్టు బట్టలనే చింపి ఇచ్చిందని చెప్తారు. 1834లో మోటారు తిరిగింది. తర్వాత గుండ్రని చిన్న పట్టా మీద బొమ్మ బండి నడిపి చూపించాడు. 1837లో పేటెంట్ వచ్చింది.

కానీ ఆయన బాగుపడలేదు. అప్పట్లో బ్యాటరీ అంటే ఒకసారి వాడి పారేసేదే. లోపల జింకు కరిగిపోతూ కరెంటు ఇచ్చేది. ఆవిరి ఇంజనులో కాల్చే బొగ్గు చవక, బ్యాటరీలో కరిగే జింకు ఖరీదు. 1851లో డేవెన్‌పోర్ట్ పేదవాడిగానే చనిపోయాడు.

స్కాట్లాండ్‌లో రాబర్ట్ డేవిడ్‌సన్ అనే ఆయన 1842లో ఏకంగా రైలు పట్టాల మీద కరెంటు ఇంజన్ నడిపాడు. గంటకి 6 కిలోమీటర్లు పోయింది. మనం నడిచినా ఇంచుమించు అంతే. అదీ జింకు బ్యాటరీయే, అక్కడా ఖర్చు దగ్గరే ఆగింది.

ఇక్కడ ఒక విషయం గుర్తు పెట్టుకోండి. మోటారు మొదటి నుంచీ బాగానే తిరిగింది. ఆగిపోయింది ప్రతిసారీ బ్యాటరీ దగ్గరే. బ్యాటరీలో ఏ పదార్థం పెట్టాలి, అది ఎక్కడ దొరుకుతుంది, ఎంతకి దొరుకుతుంది? ఈ 190 ఏళ్ళ కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

సీసం వచ్చింది, బండి రోడ్డెక్కింది

1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే సీసం పలకల్ని ఆమ్లంలో ముంచి, మళ్ళీ మళ్ళీ ఛార్జ్ చేసుకునే బ్యాటరీ చేశాడు. ఈరోజు మన ఇళ్ళలో ఇన్వర్టర్ కింద ఉండే బ్యాటరీ, ట్రాక్టర్ బ్యాటరీ దాని మనవలే. 1881లో కామిల్ ఫోర్ దాన్ని ఇంకా మెరుగుపరిచాడు. అదే ఏడాది గుస్తావ్ ట్రూవే పారిస్ వీధిలో మూడు చక్రాల కరెంటు బండి నడిపాడు. కార్ల్ బెంజ్ పెట్రోలు బండికి పేటెంట్ తీసుకున్నది 1886లో. అంటే కరెంటు బండి పెట్రోలు బండి కన్నా పెద్దది. మనం "కొత్తగా వచ్చింది" అనుకునేదే అసలు పాతది.

1897లో లండన్లో, న్యూయార్క్‌లో కరెంటు ట్యాక్సీలు తిరిగాయి. న్యూయార్క్ వాళ్ళయితే షెడ్డులోకి బండి రాగానే అయిపోయిన బ్యాటరీ లాగేసి, నిండు బ్యాటరీ తోసేసి పంపేవాళ్ళు. ఇప్పుడు బ్యాటరీ స్వాపింగ్ అని కొత్తగా చెప్తున్నదే, అప్పుడే ఉంది. 1899 ఏప్రిల్ 29న పారిస్ దగ్గర కామిల్ జెనాట్జీ అనే బెల్జియం ఆయన బాంబు ఆకారంలో ఉన్న కరెంటు కారుని గంటకి 105 కిలోమీటర్ల పైన పరిగెత్తించాడు. గంటకి వంద కిలోమీటర్లు దాటిన మొట్టమొదటి కారు అదే.

1900 నాటికి అమెరికాలో కార్లు మూడు రకాలు: ఆవిరివి, కరెంటువి, పెట్రోలువి. సుమారు మూడో వంతు కరెంటువే. పొగ లేదు, గొడవ లేదు, గేర్ మార్చే పని లేదు. పెట్రోలు బండి స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పాలి. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. కరెంటు బండికి ఆ బాధ లేదు.

మరి ఎందుకు ఓడిపోయింది?

"పెట్రోలు బండి మెరుగైనది కాబట్టి గెలిచింది" అని ఒక్క మాటలో చెప్పేస్తారు. కొంచెం విడదీసి చూద్దాం.

మొదటిది బరువు. ఒక కిలో పెట్రోలులో సుమారు 12,000 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. ఇంజన్ అందులో ముప్పావు వంతు వేడిగా వృథా చేసినా, 3,000 దాకా చక్రానికి అందుతుంది. ఒక కిలో సీసం బ్యాటరీలో ఉండేది 30 నుంచి 40 మాత్రమే. ఇంత తేడా ఉంటే దూరం ఎలా పోతుంది? డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే పేరున్న కారు ఒక ఛార్జింగ్‌తో 130 కిలోమీటర్లు పోతుందని ప్రకటనల్లో చెప్పేవాళ్ళు, వేగం గంటకి 32 కిలోమీటర్లు. ఊళ్ళో తిరగడానికి చాలు. ఊరు దాటడానికి చాలదు.

రెండోది ధర. 1901లో టెక్సాస్‌లో స్పిండిల్‌టాప్ దగ్గర నూనె బావి పొంగింది. పెట్రోలు చవకైంది. 1908లో హెన్రీ ఫోర్డ్ మోడల్ టి కారు తెచ్చాడు. మొదట 850 డాలర్లు, 1925 కల్లా 260 డాలర్లు. కరెంటు కార్లు 1912లో కూడా 1,750 డాలర్ల దాకా ఉండేవి.

మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది, కరెంటు. కరెంటు బండికి కరెంటు కావాలి కదా. పట్నాల్లో ధనవంతుల ఇళ్ళకే కరెంటు ఉంది. 1930ల మధ్యలో కూడా అమెరికాలో పది రైతు ఇళ్ళలో తొమ్మిదింటికి కరెంటు లేదు. లాభం రాదని కంపెనీలు పల్లెలకి లైను వేయలేదు. చివరికి 1935లో ప్రభుత్వమే పల్లె విద్యుదీకరణ సంస్థ పెట్టి, రైతు సహకార సంఘాలకి అప్పులిచ్చి స్తంభాలు వేయించాల్సి వచ్చింది. ఈలోగా పెట్రోలు మాత్రం డబ్బాలో పోసి ఏ కిరాణా కొట్టులోనైనా అమ్మేవాళ్ళు. పల్లెవాడు ఏ బండి కొంటాడు? స్తంభం రాని ఊరికి కరెంటు బండి రాదు. మన ఊళ్ళకి లైను ఎప్పుడు వచ్చిందో మీ పెద్దవాళ్ళని అడిగి చూడండి, ఇది వెంటనే అర్థమవుతుంది.

నాలుగోది కొంచెం నవ్వొచ్చే విషయం. 1912లో చార్లెస్ కెటరింగ్ చేసిన సెల్ఫ్ స్టార్టర్‌ని కాడిలాక్ కార్లలో పెట్టారు. ఇనుప హ్యాండిల్ బాధ పోయింది. సెల్ఫ్ స్టార్టర్ అంటే ఏంటి? ఒక చిన్న కరెంటు మోటారు, ఒక సీసం బ్యాటరీ. అంటే పెట్రోలు బండిని పూర్తిగా గెలిపించింది కరెంటు మోటారే!

ఎడిసన్ అంతటివాడు కూడా ఊరుకోలేదు. సీసం బరువని, నికెల్, ఇనుముతో బ్యాటరీ చేశాడు. మొదట 1903లో అమ్మకానికి పెడితే కారిపోయాయి, వెనక్కి తీసుకున్నాడు. 1910 ప్రాంతంలో బాగుచేసి తెచ్చేసరికి మోడల్ టి ఊరూరా తిరుగుతోంది. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా సొంతానికి నడిపింది మాత్రం డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారే.

హైబ్రిడ్ కూడా పాతదే

ఆస్ట్రియాలో ఫెర్డినాండ్ పోర్షె అనే కుర్ర ఇంజనీరు లోనర్ అనే బండ్ల కంపెనీలో పనిచేసేవాడు. చక్రం మధ్యలోనే మోటారు పెట్టి ఒక కారు చేస్తే, 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో అందరూ చూశారు. మన కరెంటు స్కూటీలు కొన్నిటికి వెనక చక్రంలోనే మోటారు ఉంటుంది చూడండి, అదే ఆలోచన. కానీ సీసం బ్యాటరీయే 400 కిలోల పైన ఉంది. దాంతో పోర్షె బ్యాటరీ తగ్గించి, ఒక పెట్రోలు ఇంజన్ పెట్టి, ఆ ఇంజన్‌తో జనరేటర్ తిప్పి, వచ్చిన కరెంటుతో చక్రాల్లోని మోటార్లు నడిపాడు. ఇంజన్ చక్రానికి నేరుగా తగలదు. దీన్ని సిరీస్ హైబ్రిడ్ అంటారు.

బెల్జియంలో ఆంరీ పీపర్ ఇంకో దారి పట్టాడు. ఇంజనూ మోటారూ రెండూ ఒకే ఇరుసుని తిప్పుతాయి. చదును రోడ్డు మీద ఇంజన్‌కి పని తక్కువ కాబట్టి మోటారు జనరేటర్‌గా మారి బ్యాటరీ నింపుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు సాయం పడుతుంది. దీనికి 1905లో అమెరికాలో దరఖాస్తు చేస్తే 1909లో పేటెంట్ వచ్చింది. ఇది ప్యారలల్ హైబ్రిడ్. అప్పట్లో దీన్ని సరిగ్గా నడిపించాలంటే నిమిషం నిమిషం లెక్క చూసి స్విచ్‌లు మార్చాలి. ఆ పని చేయడానికి కంప్యూటర్ చిప్ లేదు. అలా దాదాపు 90 ఏళ్ళు పక్కన పడిపోయింది.

మోటారే జనరేటర్ ఎలా అవుతుందని సందేహం వస్తే, పాత సైకిల్ డైనమో గుర్తు తెచ్చుకోండి. డైనమోని టైరుకి ఆనిస్తే లైటు వెలుగుతుంది, కానీ పెడల్ బరువెక్కుతుంది. ఆ బరువే బ్రేకు. మన పాడేరు ఘాట్ దిగే మామూలు బస్సులో బ్రేకులు వేడెక్కి వాసన వస్తుంది. అక్కడ దిగుడు శక్తి అంతా వేడిగా గాలిలో కలిసిపోతుంది. కరెంటు బస్సయితే దిగేటప్పుడు మోటారు జనరేటర్‌లా తిరిగి, ఆ శక్తిలో కొంత బ్యాటరీలోకి వెనక్కి పంపుతుంది. దీన్నే రీజనరేటివ్ బ్రేకింగ్ అంటారు. 2022 నుంచి తిరుపతి–తిరుమల ఘాట్ మీద తిరిగే ఆర్టీసీ కరెంటు బస్సుల్లో ఇది ఉంది. కొండ రోడ్లకి ఇది బాగా పనికొచ్చే టెక్నాలజీ.

మరచిపోయిన కాలం

1920ల తర్వాత కరెంటు బండ్లు మూలకి పోయాయి. ఇంగ్లాండ్‌లో తెల్లవారుజామున చప్పుడు లేకుండా పాలు వేసే బండ్లుగా మిగిలాయి. పెట్రోలు దొరకనప్పుడు మాత్రం మళ్ళీ అందరికీ గుర్తొచ్చేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో పెట్రోలు కరువు. విమానాలు చేసిన ఇంజనీర్లు 1947లో టామా అనే కరెంటు కారు చేశారు. బాగా అమ్ముడుపోయింది. 1950లో కొరియా యుద్ధం మొదలై సీసం ధర ఆకాశానికి పోయింది. టామా పని అయిపోయింది. చూశారా, మళ్ళీ బ్యాటరీలో పదార్థమే.

1971లో అపోలో 15 వాళ్ళు చంద్రుడి మీద నడిపింది కూడా కరెంటు బండే. నాలుగు చక్రాలకి నాలుగు మోటార్లు. వెండి, జింకు బ్యాటరీ. గాలి లేని చోట పెట్రోలు మండదు కదా.

1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసరికి అమెరికాలో బంకుల దగ్గర మైళ్ళ కొద్దీ క్యూలు. అప్పుడు మళ్ళీ పరిశోధనకి డబ్బులు వచ్చాయి. ఆ డబ్బుతో జరిగిన ఒక పని ప్రపంచాన్ని మార్చేసింది.

లిథియం

ఎక్సాన్ అనే చమురు కంపెనీ ల్యాబులోనే స్టాన్లీ విటింగ్‌హామ్ 1970ల్లో మొదటి రీఛార్జబుల్ లిథియం బ్యాటరీ చేశాడు. దానికి మంటలంటుకునే ప్రమాదం ఉండేది. 1980లో ఇంగ్లాండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ బృందం పాజిటివ్ వైపు కోబాల్ట్ ఆక్సైడ్ పెట్టి బలం పెంచింది. 1985లో జపాన్‌లో అకిరా యోషినో నెగటివ్ వైపు లోహపు లిథియం తీసేసి కార్బన్ పెట్టి, ప్రమాదం తగ్గించాడు. 1991లో సోనీ అమ్మకానికి తెచ్చింది. 2019లో ఈ ముగ్గురికీ నోబెల్ వచ్చింది. అప్పటికి గుడెనఫ్‌కి 97 ఏళ్ళు. స్టాక్‌హోమ్‌లో ఆయన తరఫున నోబెల్ ఉపన్యాసం చదివింది అరుముగం మంతిరం. తమిళనాడులో చిన్న పల్లెలో పుట్టి, ఆయన దగ్గర పనిచేసిన శాస్త్రవేత్త.

1997: మూడు సంగతులు

1990లో అమెరికాలోని కాలిఫోర్నియా ప్రభుత్వం ఒక రూలు పెట్టింది: పెద్ద కార్ల కంపెనీలు 1998 నాటికి అమ్మే కార్లలో 2 శాతం, 2003 నాటికి 10 శాతం పొగ లేనివి ఉండాలి. ఆ రూలు వల్లే జనరల్ మోటార్స్ 1996లో ఈవీ1 అనే కారు తెచ్చింది. 1,117 చేసింది. అమ్మలేదు, అద్దెకే ఇచ్చింది. వాడినవాళ్ళు ప్రాణంగా చూసుకున్నారు. కంపెనీలు కోర్టుకి వెళ్ళాయి, రూలు బలహీనపడింది. కారు వెనక్కి ఇవ్వమని, మేం కొనుక్కుంటామని వాడినవాళ్ళు ఎంత అడిగినా వినలేదు. దాదాపు అన్నిటినీ తీసుకెళ్ళి నుజ్జు చేసేశారు.

తర్వాతి ఈవీ1లలో వాడిన నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీని కారుకి పనికొచ్చేలా చేసింది స్టాన్‌ఫోర్డ్ ఓవ్షిన్‌స్కీ. లేత్ మెషీన్ దగ్గర పనిచేసి పైకొచ్చినవాడు, కాలేజీ డిగ్రీ లేదు. ఆ బ్యాటరీ వ్యాపారంలో జనరల్ మోటార్స్ వాటా తర్వాత టెక్సకోకి, దాని ద్వారా షెవ్రాన్‌కి పోయింది. రెండూ చమురు కంపెనీలే.

ఇక 1997లో మూడు సంగతులు జరిగాయి. వాటిని ఎవరూ కలిపి చెప్పరు. నేను కలిపి చెప్తా.

ఒకటి: డిసెంబరులో టయోటా జపాన్‌లో ప్రియస్ కారు విడుదల చేసింది. తకేషి ఉచియమడ నాయకత్వంలో చేసిన హైబ్రిడ్. పోర్షె, పీపర్ ఆలోచనలు రెండూ ఇందులో ఉన్నాయి. మధ్యలో సూర్యుడిలా ఒక గేరు, చుట్టూ గ్రహాల్లా చిన్న గేర్లు. వాటి ద్వారా ఇంజన్ శక్తి కొంత చక్రానికీ కొంత జనరేటర్‌కీ పంచుకుంటుంది. ఎప్పుడు ఎంత అనేది కంప్యూటర్ చూసుకుంటుంది. పీపర్ కాలంలో లేనిది అదే. ప్రియస్ లోకమంతా అమ్ముడుపోయింది.

రెండు: గుడెనఫ్ బృందం ఇనుము, ఫాస్ఫేట్‌తో కొత్త లిథియం బ్యాటరీ పదార్థాన్ని ప్రచురించింది. ఆ పత్రం మీద పేర్లు పాధి, నంజుండస్వామి, గుడెనఫ్. మొదటి ఇద్దరూ మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళే. ఇందులో కోబాల్ట్ లేదు, నికెల్ లేదు. దీన్నే ఎల్ఎఫ్‌పీ అంటున్నారు.

మూడు: జూలై 11న ఢిల్లీలో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ఆదివాసుల భూముల మీద ప్రైవేటు మైనింగ్ లీజుల కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ఆదివాసేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకి ఇవ్వకూడదని తీర్పు.

ఒకచోట బండి మారుతోంది, ఒకచోట బ్యాటరీలో రాయి మారుతోంది, ఇంకోచోట "కొండ ఎవరిది?" అనే ప్రశ్నకి జవాబు వస్తోంది. ఆరోజు ఈ మూడింటికీ సంబంధం ఎవరికీ కనపడలేదు. ఈరోజు కనపడుతోంది.

మళ్ళీ రోడ్డెక్కింది

మిగతాది మీకు తెలిసిందే, త్వరగా చెప్తా. 2003లో మార్టిన్ ఎబర్‌హార్డ్, మార్క్ టార్పెనింగ్ టెస్లా పెట్టారు. ఎలాన్ మస్క్ మరుసటి ఏడాది డబ్బు పెట్టి చేరాడు. 2008లో వచ్చిన వాళ్ళ మొదటి కారులో ల్యాప్‌టాప్‌లో ఉండేలాంటి చిన్న సెల్స్ 6,831 ఉన్నాయి. 2010లో నిస్సాన్ లీఫ్ వచ్చింది. చైనాలో వాంగ్ చువాన్‌ఫు అనే పేద రైతు కుటుంబం పిల్లవాడు, అమ్మానాన్న లేకపోతే అన్నలూ అక్కలూ పెంచారు, 1995లో బీవైడీ అని బ్యాటరీ కంపెనీ పెట్టి తర్వాత కార్లలోకి వచ్చాడు. 2017 చివరికి షెన్‌జెన్ నగరంలో 16,000 పైన సిటీ బస్సులు మొత్తం కరెంటువి అయిపోయాయి. 2010లో కిలోవాట్-అవర్‌కి వెయ్యి డాలర్ల పైన ఉన్న బ్యాటరీ ధర 2024కి 115 డాలర్లకి దిగింది. 2024లో ప్రపంచంలో కోటీ 70 లక్షల పైన కరెంటు, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లు అమ్ముడయ్యాయి.

మన దేశంలో 2001లోనే బెంగళూరులో చేతన్ మైనీ రేవా అనే చిన్న కరెంటు కారు తెచ్చాడు, సీసం బ్యాటరీతో. లండన్‌లో కూడా తిరిగింది. ఇప్పుడు హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా బస్సులు చేస్తోంది. మన తిరుపతి వైపు నుంచి ఎదిగిన అమరరాజా, సీసం బ్యాటరీల నుంచి లిథియం వైపు వచ్చి మహబూబ్‌నగర్ దగ్గర ఫ్యాక్టరీ కడుతోంది.

ఇప్పుడు రాయి దగ్గరికి వద్దాం

ఒక మామూలు కరెంటు కారులో ఎంత ఖనిజం ఉంటుందో అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ఇచ్చింది. లిథియం సుమారు 9 కిలోలు, కోబాల్ట్ 13, నికెల్ 40, రాగి 53. గ్రాఫైట్ మాత్రం 66 కిలోలు. అందరూ లిథియం లిథియం అంటారు, బ్యాటరీలో దానికి ఏడు రెట్లు ఉండేది గ్రాఫైట్. యోషినో పెట్టిన కార్బన్ చోటు అది.

ఇవి ఎక్కడి నుంచి వస్తాయి? కోబాల్ట్‌లో సుమారు 70 శాతం కాంగో దేశం నుంచి. అక్కడ కొల్వేజీ చుట్టూ చేతులతో తవ్వే మనుషుల్లో పిల్లలు కూడా ఉన్నారు. లిథియం కొంత చిలీలో అటకామా ఎడారి ఉప్పు నేల కింద నీటిని తోడి ఎండబెట్టి తీస్తారు. ఆ నేల లికనాంతాయ్ ఆదివాసులది, ఎడారిలో నీళ్ళే వాళ్ళకి ప్రాణం. నికెల్ కోసం ఇండోనేషియాలో హల్మహేరా దీవి అడవి తవ్వుతున్నారు. అక్కడ బయటి ప్రపంచంతో కలవని హొంగానా మన్యావా అనే ఆదివాసులు ఉన్నారు. దేశం ఏదైనా, ఖనిజం దొరికే చోట చాలాసార్లు మనలాంటి వాళ్ళే ఉంటున్నారు.

మరి మన దగ్గర? తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయికి ఖోండలైట్ అని పేరు. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కలహండి వైపు ఆ రాయిని చదివి, అక్కడి ఖోండ్ ఆదివాసుల పేరే దానికి పెట్టాడు. విశాఖ చుట్టూ కొండలూ ఎక్కువగా అదే రాయి. ఆ రాయిలో గ్రాఫైట్ ఉంటుంది. ఆ రాయి లక్షల ఏళ్ళు వానకి నానితే పైన ఏర్పడేదే బాక్సైట్. బాక్సైట్ నుంచి అల్యూమినియం. బండి తేలిగ్గా ఉండడానికి బాడీకి, బ్యాటరీ పెట్టెకి వాడేది అల్యూమినియం. అంటే ఖోండుల పేరున్న రాయి ఈ బండికి రెండు వైపుల నుంచీ కావాలి.

2013లో నియమగిరిలో బాక్సైట్ గని గురించి, సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం 12 గ్రామ సభలు జరిగాయి. 12కి 12 వద్దన్నాయి. మన వైపు 2015లో బాక్సైట్ కోసం జీవో 97 వచ్చింది, జనం ఊరుకోలేదు, 2019లో రద్దయింది. ఇవి మనకు తెలిసినవే. కానీ 2023లో గనుల చట్టం మార్చి 24 ఖనిజాలని కీలకమైనవిగా ప్రకటించి, వాటి వేలం అధికారం కేంద్రానికి ఇచ్చిన సంగతి మనలో ఎంతమందికి తెలుసు? ఆ జాబితాలో లిథియం, కోబాల్ట్, నికెల్‌తో పాటు గ్రాఫైట్ కూడా ఉంది.

చరిత్ర ఏం చెప్తోంది

నేను కరెంటు బండికి వ్యతిరేకం కాదు. పొగ తగ్గాలి, ఎండలు పెరుగుతున్నాయి, వానలు తప్పుతున్నాయి, పోడు మీద బతికేవాళ్ళకి ఆ దెబ్బ ముందు తగులుతుంది. బండి మారాల్సిందే.

కానీ రేపు గ్రామ సభకి ఎవరైనా వచ్చి "ఈ ఖనిజం లేకపోతే దేశం ఆగిపోతుంది, వేరే దారి లేదు" అంటే, ఈ 190 ఏళ్ళ లెక్క వాళ్ళ ముందు పెట్టండి. మొదట జింకు లేనిదే కాదన్నారు. తర్వాత సీసం. తర్వాత ఎడిసన్ నికెల్, ఇనుము. తర్వాత నికెల్ మెటల్ హైడ్రైడ్. తర్వాత కోబాల్ట్ లేనిదే లిథియం బ్యాటరీ కాదన్నారు. ఇప్పుడు ప్రపంచంలో కరెంటు కార్ల బ్యాటరీల్లో దాదాపు సగం కోబాల్ట్, నికెల్ రెండూ లేని ఎల్ఎఫ్‌పీయే. లిథియం కూడా అక్కర్లేని సోడియం బ్యాటరీని చైనా కంపెనీ సీఏటీఎల్ 2021లో చూపించింది. అందులో గ్రాఫైట్ బదులు వేరే రకం కార్బన్ వాడతారు.

బ్యాటరీలో పదార్థం ఇరవై ముప్పై ఏళ్ళకోసారి మారుతూనే ఉంది. తవ్విన కొండ, ఎండిన ఊట మాత్రం వెనక్కి రావు. కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు సూటిగా అడగాలి. ఈ ఖనిజం ఎన్నేళ్ళు కావాలి? పాత బ్యాటరీల నుంచి ఎంత తిరిగి తీస్తున్నారు? 2022లో బ్యాటరీ వ్యర్థాల రూల్స్ వచ్చాయి, వాటిని ఎంత అమలు చేశారు? సమతా తీర్పు, పీసా ప్రకారం మా గ్రామ సభ మాట ఎక్కడ రాశారు?

ఇంకో విషయం. అమెరికాలో పల్లెలకి స్తంభం చివర్లో వచ్చింది. ఇక్కడ కూడా ఖనిజం మన దగ్గర నుంచి ముందు పోయి, ఛార్జింగ్ పాయింటు, కరెంటు బస్సు, మెకానిక్ ఉద్యోగం మన మండలానికి చివర్లో వస్తే అది న్యాయం కాదు. ఐటీఐలో మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ అని రెండేళ్ళ ట్రేడు ఉంది. మోటారు, కంట్రోలరు, బ్యాటరీ పద్ధతులు, హై వోల్టేజీ జాగ్రత్తలు నేర్పుతారు. టెన్త్ అయి ఏం చేయాలో తెలియని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆలోచించండి. ఇది నాలుగు రోజుల ముచ్చట కాదు. డేవెన్‌పోర్ట్ కమ్మరి, ఓవ్షిన్‌స్కీ లేత్ పనివాడు. చేత్తో విప్పి చూసినవాళ్ళే ఈ దారి వేశారు. కెమిస్ట్రీ, జియాలజీ చదివేవాళ్ళు మన కొండల రాళ్ళ గురించి మనమే రిపోర్టులు చదివి, మన భాషల్లో ఊళ్ళో చెప్పాలి. వేరేవాళ్ళు వచ్చి చెప్పేదాకా ఆగొద్దు.

మీ మండలంలో గ్రాఫైట్ గానీ ఇంకేదైనా ఖనిజం గానీ సర్వే జరిగి ఉంటే, ఏ ఊరు, ఏ ఏడాది, గ్రామ సభ పెట్టారా లేదా, కింద రాయండి. అందరం కలిపి మండలాల వారీగా ఒక పట్టిక చేసి గ్రూపులోనే పెడదాం. పెసర్లు, రాజ్మా అమ్మకాల ధరలు మనమే పట్టిక చేసుకున్నట్టే, ఇదీ చేసుకోవచ్చు.